బురదగుంటలో ముందు అద్దం మూసుకుపోతే ఏది మేలు: కోటింగా, వైపరా?

ఆఫ్‌రోడ్ బండ్లు నడిపేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. గుంటలో దిగగానే అద్దం నిండా బురదనీళ్లు పడి ఏమీ కనబడటం లేదు; నీళ్లు నిలవకుండా జారిపోయే కోటింగ్ పూయించాలా, వైపర్ల మీద ఖర్చు పెట్టాలా? అడిగేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే కోటింగ్ వైపు మొగ్గి ఉంటారు. హైవే మీద వానలో చినుకులు ముత్యాల్లా పైకి పరుగెత్తడం చూశాక ఎవరికైనా మనసు అటే పోతుంది.

రెండింటినీ తూచడానికి నా లెక్కలో ఒకటే కొలత: ఏమీ కనబడకుండా బండి ఎన్ని మీటర్లు పోతోంది? గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. 20లో అయిదున్నర, 10లో మూడు మీటర్ల లోపే. నీళ్లు పడ్డాక ఉలిక్కిపడి, చెయ్యి వైపర్ లీవర్ దాకా వెళ్లి, మోటార్ కదిలి, బ్లేడు కళ్లెదుటికి వచ్చేసరికి తేలిగ్గా రెండు సెకన్లు. అంటే 40లో 22 మీటర్లు గుడ్డిగా పోయినట్టు. దారి మలుపు తిరిగిపోవడానికి అది చాలు.

అదే వైపర్ ముందునుంచే ఆడుతుంటే? అమెరికా, యూరప్ నిబంధనల ప్రకారం వేగపు సెట్టింగులో వైపర్ నిమిషానికి కనీసం 45 సార్లు పోయి రావాలి. అంటే డ్రైవర్ కళ్లెదుటి భాగాన్ని బ్లేడు సుమారు 0.7 సెకనుకోసారి దాటుతుంది. 22 మీటర్ల గుడ్డి ప్రయాణం ఎనిమిదికి దిగింది, పైసా ఖర్చు లేకుండా. చేయాల్సిందల్లా ముందు టైరు నీళ్లను తాకకముందే లీవర్‌ను పై వేగానికి వేయడం. ఆగి ఆగి తుడిచే సెట్టింగు ఇక్కడ పనికిరాదు. రెండు తుడుపుల మధ్య ఎడం చాలా ఎక్కువ. ఆటో వైపర్‌ను కూడా నమ్ముకోవద్దు. దాని సెన్సార్ అద్దం లోపలినుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపి, తిరిగొచ్చే కాంతిలో తేడాను బట్టి తడిని పసిగడుతుంది. తడి పడ్డాకే కదా తెలిసేది! పైగా ఆ చోట బురద అంటుకుంటే ఎప్పుడు తుడుస్తుందో, ఎప్పుడు మానేస్తుందో చెప్పలేం.

ఇక కోటింగ్. అది చేసే పని నీటిని గుండ్రటి బొట్లుగా మార్చడం. ఆ బొట్లను తోసేయాల్సింది గాలి. గాలికి అంత బలం రావాలంటే బండి సుమారు 60 కిలోమీటర్లు దాటాలి. గుంటలో పోయేది ఎక్కువగా 10, 20, మహా అయితే 40. బొట్లు ఎక్కడివక్కడే కూర్చుంటాయి. ఇంచుమించు నిటారుగా నిలబడే అద్దాలున్న బండ్లలో, జీప్ రాంగ్లర్ లాంటి వాటిలో, గాలి అద్దాన్ని ఒరుసుకుంటూ పైకి పోదు, ఎదురుగా గుద్దుకుంటుంది. అక్కడ ఇంకా ఎక్కువ వేగం కావాలి. నిటారు అద్దం మీద పెద్ద బొట్లు బరువుకి కిందికి జారే మాట నిజమే, కానీ మట్టి కలిసిన చిన్న బొట్లు అంటుకుని ఎండి, మచ్చలు మచ్చలుగా మిగులుతాయి. సాయంత్రపు ఎండ ఎదురుగా ఉన్నప్పుడు ఆ మచ్చల గుండా దారి చూడటం నరకం.

మరో చిక్కు, కోటింగ్ సరిగా పట్టని అద్దం మీద వైపర్ రబ్బరు జారకుండా టకటకమని ఎగురుతుంది, చారలు వదులుతుంది. పైగా బురదలో ఉండే ఇసుకలో క్వార్ట్జ్ రేణువులు అద్దం కన్నా గట్టివి. మోహ్స్ కొలతలో క్వార్ట్జ్ 7, మామూలు అద్దం అయిదున్నర. బ్లేడు కింద అవి దొర్లినప్పుడల్లా పూత అరుగుతుంది, అదీ మొదట కళ్లెదుటే.

అలాగని కోటింగ్ దండగ కాదు. వైపర్ లేని చోట దానికి సాటి లేదు: పక్క కిటికీలు, సైడ్ మిర్రర్లు. ముందు అద్దం మూసుకుపోయిన క్షణంలో డ్రైవర్‌కి మిగిలే చూపు పక్క అద్దం గుండానే. ఎండిన బురద కూడా పూత ఉన్న అద్దం నుంచి తేలిగ్గా వదులుతుంది.

వైపర్ వైపు మొగ్గినవాళ్లు సాధారణంగా మరిచిపోయేది వాషర్‌ని, అంటే అద్దం మీద నీళ్లు చిమ్మే ఏర్పాటుని. పల్చటి బురదనీళ్లను వైపర్ ఒక్కటే తుడుస్తుంది. పేస్టులాంటి బురద పడ్డప్పుడు పొడిగా తుడిస్తే అద్దమంతా గోధుమరంగు పులుముడు తయారవుతుంది, ఆ పైన వంపు తిరిగిన గీతలు. గుంట దాటగానే రెండు సెకన్లు నీళ్లు కొట్టనిచ్చి, తర్వాతే బ్లేడు కదలాలి. చాలా బండ్లలో లీవర్ లాగితే రెండూ కలిసే మొదలవుతాయి. అలాంటప్పుడు మొదటి తుడుపుకి అద్దం తేటపడలేదని లీవర్ వదిలేయకూడదు, లాగి పట్టుకోవాలి.

ఆ నీళ్లు వెంటనే రావాలి. ఎత్తెక్కి దిగిన బండిలో వాషర్ గొట్టంలోని నీళ్లు వెనక్కి ట్యాంకులోకి జారిపోతాయి. అప్పుడు లీవర్ లాగితే మోటార్ గుర్రుమంటుంది, నీళ్లు మాత్రం ఒకటి రెండు సెకన్లకు గానీ రావు. నాజిల్‌కి (నీళ్లు చిమ్మే మూతికి) దగ్గరగా గొట్టంలో ఒక నాన్-రిటర్న్ వాల్వ్, అంటే నీళ్లను ఒక వైపుకే పోనిచ్చేది, వేస్తే ఆ ఆలస్యం పోతుంది. వాల్వ్ మీది బాణం నాజిల్ వైపు ఉండాలి; తిప్పి బిగిస్తే చుక్క కూడా రాదు. నాజిల్ కన్నం పూడితే గుండుసూదితో తీయొచ్చు. ఆ సూదితోనే సన్నధార నాజిల్ గురి కూడా సరిచేసుకోవచ్చు: బండి నిలిపి ఉన్నప్పుడు ధార తుడుపు ప్రాంతపు పైసగంలో పడాలి, అప్పుడే నీరు కిందికి కారుతూ మొత్తం తడుపుతుంది. సన్నధార కన్నా విసనకర్రలా విచ్చుకునే నాజిల్ బురదకి మేలు, వైపర్ చేతికే అమర్చినవి దొరికితే ఇంకా మేలు, ఎందుకంటే నీళ్లు సరిగ్గా బ్లేడు ముందు పడతాయి. పంపును ఏకధాటిగా పది సెకన్లకు మించి నడపొద్దు, ఖాళీ ట్యాంకుతో అసలే వద్దు. గిన్నెల సబ్బు కలిపితే నురగ, దాని వెనకే జిడ్డు పొర.

బ్లేడు విషయానికొస్తే, లోహపు చట్రం ఉన్నవాటి కీళ్లలో బురద ఇరుక్కుని బిగుసుకుపోతుంది. అప్పుడు రబ్బరు అద్దం వంపుకి ఆనదు, మధ్యలో తుడవని పట్టీ మిగులుతుంది. చట్రం లేని ఒకే పట్టీ బ్లేడు ఆఫ్‌రోడ్‌కి సరైనది. కంపెనీ కొలత కన్నా పొడవైనది వేయకండి. మోటార్‌కి బరువు, బ్లేడుకి బ్లేడు తగిలే ప్రమాదం. ప్రతి ట్రిప్పు తర్వాత తడిగుడ్డతో రబ్బరు అంచు తుడవాలి. వేలితో తడిమితే గరుకుగా తగిలేదే రేపు అద్దాన్ని గీసేది.

ఇంతకీ నీళ్లు అద్దం మీదికి ఎలా వస్తున్నాయి? ముందు టైర్లు నీటిని పైకి, ముందుకి చిమ్ముతాయి. అది గాల్లోంచి పడేలోపు బండి దాని కిందికి వెళ్లిపోతుంది. అంటే మన నీళ్లే మన మీద పడుతున్నాయి. నడక వేగంతో దిగితే బంపర్ ముందు ఒక అల లేచి సాగుతుంది తప్ప అద్దం తడవదు. అడుగు గట్టిగా ఉన్న గుంటలో కోటింగూ వద్దు, వైపరూ వద్దు: లో రేంజ్ (ఫోర్-వీల్ డ్రైవ్ బండ్లలో వేగం తగ్గించి లాగే బలం పెంచే గేర్ల అమరిక), మొదటి లేదా రెండో గేరు, గంటకు అయిదు కిలోమీటర్లు. ఇంజన్ గాలి పీల్చే ఎయిర్ ఇంటేక్‌లోకి నీళ్లు పోయి ఇంజన్ పట్టేసే ప్రమాదం కూడా దీంతో బాగా తగ్గుతుంది. అడుగు మెత్తగా ఉంటే మాత్రం ఊపు కావాలి, నెమ్మదిస్తే దిగబడిపోతుంది. వైపర్ ప్రశ్న నిజంగా పుట్టేది అక్కడే.

మిగతావి క్లుప్తంగా. మడ్‌ఫ్లాపులు తలుపులని, వెనక వచ్చే బండిని కాపాడతాయి, మన ముందు అద్దాన్ని కాదు. టైర్లు ఫెండర్ (చక్రం మీది కప్పు) దాటి బయటికి పొడుచుకొస్తే, దాని అంచుని బయటికి పెంచే వెడల్పు ఫెండర్ ఫ్లేర్లు నిజంగానే పనిచేస్తాయి. బానెట్ అంచున పెట్టే డిఫ్లెక్టర్ పలక పురుగులని తప్పించడానికి సరే, బురదనీళ్లకి కాదు. పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ అద్దం ఉన్న చిన్న సైడ్-బై-సైడ్ (పక్కపక్కన కూర్చునే ఆఫ్‌రోడ్) బండ్లలో ఎండిన బురదను గుడ్డతో రుద్దకూడదు, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ అసలే వాడకూడదు.

కొన్నిసార్లు అద్దం మూసుకుపోయేది లోపలినుంచి. వేడి ఇంజన్ మీద నీళ్లు పడి లేచిన ఆవిరి, అద్దం అడుగున ఉండే గాలి దారి గుండా లోపలికొచ్చి పొరకడుతుంది. బయట వైపర్ ఎంత ఆడినా లాభం లేదు. గుంటలో దిగే ముందే ఏసీ వేసి, గాలిని ముందు అద్దం వైపు మళ్లించి ఉంచండి.

ఎంత చేసినా ఒకటి రెండు క్షణాలు చూపు పోవచ్చు. అప్పుడు బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తేలిక చేసి, దిగేటప్పుడు పట్టిన గీత మీదే చక్రం నిలపండి. అందుకే గుంట అంచున ఆగినప్పుడు అవతలి ఒడ్డున ఒక గుర్తు, చెట్టో రాయో, ముందే చూసి పెట్టుకోవాలి. వైపర్ మొదటి తుడుపులో కళ్లు వెతకాల్సింది దాన్నే.