నడుము టేపు: చాలాకాలం వాడినమీదట

బరువు మెషీను, కొవ్వు శాతం చెప్పే స్మార్ట్ స్కేలు, దర్జీ టేపు. మూడూ ఏళ్ల తరబడి వాడినమీదట చెబుతున్నా, ఒక్కటే ఉంచుకోమంటే టేపే ఉంచుకుంటాను. మూడింట్లోకీ చవక, చెప్పే సంగతి మాత్రం ఎక్కువ. కాకపోతే సరైన చోట చుట్టాలి. చాలామంది తప్పేది అక్కడే.

ముందు బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క సంగతి. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన మనిషిని కూడా అది నార్మల్ అనేస్తుంది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది: పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యడ్కిన్ పక్కపక్కన. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఇలాంటి తేడాల వల్లే మనవాళ్లకి హద్దులు తగ్గించారు. బీఎంఐ 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80.

'నాది 34 ప్యాంటు' అన్నది నడుము కొలత కాదు. ప్యాంటు పొట్ట కింద, తుంటి మీద నిలుస్తుంది. పైగా 34 అని చీటీ వేసి అంతకన్నా వదులుగా కుట్టేవాళ్లున్నారు. లంగా బొందు పడిన చారనీ నమ్మలేం, ఎవరి అలవాటు వాళ్లది. బొడ్డు దగ్గర చుట్టేద్దామంటే, పొట్ట జారితే బొడ్డూ దాంతోపాటే జారుతుంది. జారనివి ఎముకలే. చొక్కా పైకెత్తి పక్కన వేళ్లతో నొక్కితే చివరి పక్కటెముక కింది అంచు తగులుతుంది, అక్కడ పెన్నుతో చుక్క పెట్టండి. అదే వైపు తుంటి ఎముక పై అంచు దగ్గర ఇంకో చుక్క. ఈ రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. లావుగా ఉన్నవాళ్లకి తుంటి ఎముక వెంటనే దొరకదు, నడుం మీద చెయ్యి వేసుకున్నట్టు ఆనించి కిందికి నొక్కితే తెలుస్తుంది.

పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు వదిలేసి, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో అంకె చూడాలి. పొట్ట లోపలికి లాక్కోకూడదు, అద్దం ముందు అది తెలియకుండానే జరిగిపోతుంది! అద్దంతో అసలు పని వేరే ఉంది: వీపు వైపు టేపు కిందికి వాలిందేమో పక్కకి తిరిగి చూసుకోవడం. టేపు చర్మాన్ని తాకాలి కానీ నొక్కుకుపోకూడదు. రెండుసార్లు కొలవండి. తేడా ఒక సెంటీమీటరు లోపుంటే సగటు రాసుకోవాలి, దాటితే మళ్లీ మొదటి నుంచి. పొద్దున్నే, ఏమీ తినకముందు, రెండు వారాలకోసారి చాలు. రోజూ కొలిస్తే కనిపించేది గ్యాసూ, నిన్నటి భోజనమూ.

పాత గుడ్డ టేపు సాగుతుంది. సాగితే గీతల మధ్య దూరం పెరిగి అంకె తక్కువ వస్తుంది, అంటే తగ్గని పొట్ట తగ్గినట్టు చూపిస్తుంది. అప్పుడప్పుడూ 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి. ఫైబర్‌గ్లాస్ టేపైతే ఈ బెడద తక్కువ. సున్నా టేపు కొస నుంచే మొదలవుతుందా, రేకు క్లిప్పు తర్వాతా అన్నదీ ఒకసారి చూసుకోవాలి.

పొట్టివాళ్లకీ పొడుగువాళ్లకీ ఒకే 90 ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి ఎత్తులో సగం లెక్క ఉంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన సూచన కూడా ఇదే: నడుమును ఎత్తుతో భాగిస్తే 0.5 లోపు రావాలి, 0.6 దాటితే ముప్పు ఎక్కువ. టేపు లేకపోయినా ఫరవాలేదు. మీ ఎత్తంత దారం తెంపి, సగానికి మడిచి నడుము చుట్టండి, కొసలు కలవకపోతే హద్దు దాటినట్టే. దాటారంటే జబ్బు వచ్చేసిందని కాదు, షుగరు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) చూపించుకోవాలని. నడుము–తుంటి నిష్పత్తి నేను మానేశాను. రెండూ కలిసి తగ్గితే నిష్పత్తి అక్కడే ఉంటుంది.

స్మార్ట్ స్కేలుని బరువుకి మాత్రమే నమ్ముతాను, అదీ తివాచీ మీద కాకుండా గట్టి నేల మీద పెడితేనే. కొవ్వు శాతాన్ని అది నేరుగా కొలవదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి చిన్న కరెంటు పంపి, మీరిచ్చిన వయసూ ఎత్తూ కలిపి లెక్కగడుతుంది. నీళ్లు తక్కువ తాగినా, చెమటపట్టి వచ్చినా అంకె మారుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాన్ని ఎక్కకూడదు.

గర్భిణులకీ, పొట్టలో నీరు చేరినవాళ్లకీ నడుము కొలత పనికిరాదు. పెద్ద వయసువాళ్లకి పిక్క చుట్టుకొలత మేలు: మగవాళ్లకి 34, ఆడవాళ్లకి 33 సెంటీమీటర్లకి తగ్గితే కండ కరుగుతోందేమోనని డాక్టరుకి చూపించాలి. బీపీ మెషీను కొనేముందు కూడా ఇదే టేపుతో భుజానికీ మోచేతికీ మధ్యన చెయ్యి కొలవండి. మెషీనుతో వచ్చే మామూలు పట్టీ చాలావరకు 22–32 సెంటీమీటర్ల చేతికే. అంతకన్నా లావు చేతికి దాన్నే బిగిస్తే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది, పెద్ద పట్టీ విడిగా అడిగి తీసుకోవాలి.