మూడేళ్ల తర్వాత: అమ్మ సీఓపీడీ టీమ్, ఒక 200 పేజీల నోట్‌బుక్

ఇన్‌హేలర్లు, నెబ్యులైజర్, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ గురించి రాయను. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న ఇంట్లో అవన్నీ తెలిసినవే. మూడేళ్లుగా అమ్మను ఒక టీమ్ చూస్తోంది. అందులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది వాళ్లు పెట్టించిన 200 పేజీల లాంగ్ నోట్‌బుక్.

పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు), నర్సు, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ నలుగురూ అందులోనే రాస్తారు. మందు మారిస్తే ఎందుకు మార్చారో ఒక ముక్క ఉంటుంది. అంతకుముందు మేం ఒక్కో డాక్టరు దగ్గరికి విడివిడిగా తిరిగేవాళ్లం. ఒకసారి ఒకే రకం ఇన్‌హేలర్‌ని ఇద్దరు వేర్వేరు పేర్లతో రాశారు. అమ్మ రెండూ వాడింది. గుండె దడతో రెండు రాత్రులు నిద్రపోలేదు.

అమ్మ ఏనాడూ చుట్ట ముట్టలేదు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి పొగ పీల్చింది, అంతే. పెదవులు సున్నాలా చుట్టి ఊపిరి వదలమని ఫిజియోథెరపిస్టు నేర్పితే మొదట్లో అసలు రాలేదు. రెండో వారం ఆ అమ్మాయి "ఊదుగొట్టంతో పొయ్యి ఊదేవారు కదమ్మా, అలాగే. కానీ నిప్పు రాజుకోనంత మెల్లగా" అంది. ఆ రోజే పట్టేసింది. ఆ మాట కూడా పుస్తకంలో రాసి పెట్టింది. తర్వాతి విజిట్‌లో నర్సు కూడా అదే మాట చెప్పింది.

అసలు సంగతి పోయిన ఏడాది జరిగింది. అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి వేరే ఊరు వెళ్లాం. చలికాలం. రెండో రాత్రి అమ్మకి ఆయాసం ఎక్కువైతే దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. మాస్క్ పెట్టి ఆక్సిజన్ బాగా పెంచారు. వేలికి పెట్టిన మిషన్‌లో రక్తంలో ఆక్సిజన్ 99 శాతం. చుట్టాలంతా హమ్మయ్య అనుకున్నారు, నేను కూడా. తెల్లవారేసరికి అమ్మ పిలిస్తే "ఊ" అంటోంది గానీ కళ్లు తెరవడం లేదు. రాత్రంతా నిద్ర లేదు కదా, పడుకోనివ్వండి అన్నారు.

నాకు టెన్షన్ మొదలైంది. బ్యాగులోంచి నోట్‌బుక్ తీశాను. మొదటి పేజీలో నర్సు ఎర్ర సిరాతో రాసింది: "ఆక్సిజన్ 88 నుంచి 92 ఉంటే చాలు. 99 చేయొద్దు. మగతగా ఉంటే వెంటనే కార్బన్ డయాక్సైడ్ చూడండి." ఎన్నిసార్లు చూసిన పేజీయో అది. అమ్మలాంటి కొందరిలో ఆక్సిజన్ అతిగా పెడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, మగత దానివల్లే వస్తుంది. ఇది నాకు ముందే చెప్పారు. కానీ ఆ రాత్రి గుర్తుకు రాలేదు.

పేజీ కింద ఉన్న నంబర్‌కి చేస్తే సిస్టర్ ఎత్తింది. పది నిమిషాల్లో మా డాక్టరు గారు అక్కడి డ్యూటీ డాక్టరుతో మాట్లాడారు. ఆక్సిజన్ తీసేయకుండా 90 దగ్గరికి తగ్గించారు. ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో చూసే పరీక్ష) చేశారు, బైప్యాప్ (మాస్క్ ద్వారా ఊపిరికి సాయం చేసే మిషన్) పెట్టారు. సాయంత్రానికి అమ్మ కళ్లు తెరిచి, పిల్ల ఫంక్షన్ అయిపోయిందా అని అడిగింది. ఆ డ్యూటీ డాక్టరును నేను తప్పుపట్టను. ఆయన అమ్మను చూడడం అదే మొదటిసారి, మేం ఆ పేజీని రాత్రే ఆయన చేతిలో పెట్టి ఉండాల్సింది.

అప్పట్నుంచి కనిపించిన వాళ్లందరికీ ఈ టీమ్ గురించి చెప్పాను. ఇప్పుడైతే కాస్త ఆగి చెబుతాను. ఆ నంబర్ ఉదయం తొమ్మిది నుంచి అయిదు వరకే. ఆ రోజు ఏడున్నరకే ఫోన్ ఎత్తడం సిస్టర్ మంచితనం. ఆవిడ ఉద్యోగం మారింది. కొత్తావిడ మంచిదే గానీ కొన్ని విజిట్లలో తేదీ పక్కన "సేమ్" అని తప్ప ఏమీ ఉండదు. వారానికి రెండుసార్లు వ్యాయామానికి రమ్మంటారు. మాకు 35 కిలోమీటర్లు. ఆక్సిజన్‌తో బస్సెక్కలేం, కారు మాట్లాడుకోవాలి. ఎనిమిది వారాలు తిరిగి మానేశాం. ఇంట్లోనే చేయిస్తున్నాను, అయినా ఆరు నిమిషాల నడక పరీక్షలో అమ్మ మళ్లీ వెనకబడింది. పరిస్థితి విషమిస్తే వెంటిలేటర్ పెట్టాలా వద్దా, అమ్మకేం కావాలి అనే మాట ఇప్పటికీ ఎవరూ ఎత్తలేదు. పోయిన నెల నేనే అడిగితే వచ్చే విజిట్‌లో కూర్చుందాం అన్నారు.

నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, పుస్తకం మోసుకుంటూ తిరగగలను. అక్క తోడుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో ఇది ఇంత బాగా నడుస్తుందని చెప్పలేను. మాకు మాత్రం నడిచింది, ఇంకా అక్కడికే వెళ్తున్నాం.

ఈ వారం రెండో నోట్‌బుక్ మొదలుపెట్టాం. ఎర్ర సిరా వాక్యాలు మూడూ మొదటి పేజీలో నేనే దించి రాశాను. కొత్త సిస్టర్ వాటి కింద తేదీ వేసి సంతకం చేసింది.