కోనసీమ రోడ్డుకు ఏది మేలు: ఏటి ఇసుకా, మెట్ట గ్రావెలా, దూరపు కంకరా?

కోనసీమలో ఎక్కడ తవ్వినా ఒండ్రుమట్టి, లేదంటే నల్లమట్టి. రాయి దొరకదు. ఇసుక గోదావరి పాయల్లోనే ఉంది. ఎర్ర గ్రావెల్ కావాలంటే ద్వారపూడి, పెద్దాపురం వైపు మెట్టలకు పోవాలి. నల్ల కంకర ఇంకా దూరం, గోదావరి అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల నుంచి రావాలి. కాబట్టి ఇక్కడ క్వారీ రేటు కంటే ముందు అడగాల్సింది లీడ్ (సరుకు మోసుకొచ్చే దూరం) ఎంత అని.

ఒక్క పొరకే లెక్క చూడండి. కిలోమీటరు పొడవు, 3.75 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం. రోలర్ తొక్కాక 560 ఘనపు మీటర్ల చిల్లర, వదులుగా తెచ్చేటప్పుడు దాదాపు 720. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌తో 72 ట్రిప్పులు. క్వారీ 40 కిలోమీటర్లు ఎక్కువ దూరమైతే రానూపోనూ 5,760 కిలోమీటర్ల డీజిల్ అదనంగా తగలేయాలి.

అందుకే కింది పొరకు అందరి చూపూ గ్రావెల్ మీదే. చౌక, త్వరగా వస్తుంది, రోలర్ కింద చక్కగా కూర్చుంటుంది. కానీ గ్రావెల్ పేరుతో లోడయ్యేదంతా గ్రావెల్ కాదు, సగం బంకమట్టి ఉన్న లోడులూ వస్తాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిబంధనల ప్రకారం జీఎస్‌బీ (రోడ్డు అడుగున వేసే గ్రావెల్ లేదా కంకర పొర)లో ప్లాస్టిసిటీ ఇండెక్స్, అంటే తడిసిన మట్టి ఎంత బంకగా సాగుతుందో చెప్పే అంకె, 6 దాటకూడదు; లిక్విడ్ లిమిట్, అంటే మట్టి జావలా మారే నీటి శాతం, 25 దాటకూడదు. ల్యాబ్‌కు పంపే ముందు చేత్తో చూసుకోవచ్చు. సన్నటి భాగాన్ని జల్లించి, తడిపి, అరచేతుల మధ్య తాడులా పేనండి. 3 మిల్లీమీటర్ల సన్నం దాకా విరగకుండా వస్తే బంక ఉన్నట్టే.

డెల్టాలో ఇది చిన్న విషయం కాదు. పక్కనే కాలువ, అటు వరిచేను, నీళ్లు ఎప్పుడూ పైపైనే. బంక గ్రావెల్ తడిసి మెత్తబడితే పైన ఎంత మంచి తారు వేసినా గుంత పడుతుంది. క్రషర్‌లో పగలగొట్టిన కంకర జీఎస్‌బీ అయితే నీటిని పక్కకు వదిలేస్తుంది. చేల మధ్య, కాలువ గట్టు వెంట పోయే రోడ్డుకైతే లీడ్ ఎంతైనా భరించి కంకర జీఎస్‌బీనే తెప్పించాలి. ఊళ్లో నీరు నిలవని ఎత్తు వీధికి పరీక్షలో నెగ్గిన గ్రావెల్ చాలు.

ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది, ఎందుకో ఎక్కువమంది ఆలోచించరు. ప్లాస్టిసిటీ కొంచెం ఎక్కువున్న గ్రావెల్‌లో ఏటి ఇసుక కలిపితే ఆ ప్లాస్టిసిటీ తగ్గుతుంది. ఇసుక ఎలాగూ చేతికందే దూరంలోనే ఉంది. ఎంత కలపాలన్నది మాత్రం ల్యాబ్ చెప్పాలి, మేస్త్రీ కాదు.

సీసీ రోడ్డు కాంక్రీటు సంగతికొస్తే, ఇక్కడ రోబో శాండ్ (క్రషర్‌లో రాయిని పొడి చేసి తయారుచేసే ఇసుక) కన్నా గోదావరి ఇసుకదే పైచేయి. కాంక్రీటు ఇసుక, కంకరలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 383 ప్రకారం 75 మైక్రాన్ల కన్నా సన్నటి పొడి ఏటి ఇసుకలో 3 శాతం, రాతి ఇసుకలో 15 శాతం దాకా ఉండొచ్చు. పొడి పెరిగేకొద్దీ కాంక్రీటు ఎక్కువ నీళ్లు అడుగుతుంది. పైగా రోబో శాండ్ పేరుతో వచ్చేది ఒట్టి క్వారీ డస్ట్ కావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఇసుక ఉచితమే అయినా లోడింగ్, రవాణా ఖర్చులు తప్పవు. ఏటి ఇసుకతో చిక్కులు రెండు. వరదల కాలంలో ఏటి నుంచి ఇసుక తీసే ర్యాంపులు మూతపడతాయి, కాబట్టి వేసవిలోనే నిల్వ చేసుకోవాలి, లేదా ఆ నెలలకు రోబో శాండ్‌తో సర్దుకోవాలి. రెండోది ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు దగ్గరి మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) ఇసుక ఎంత దగ్గరైనా వద్దు, కాంక్రీటు పలకలను కలిపే డోవెల్ కడ్డీలు తుప్పు పడతాయి.

తారు పొరకు పెద్ద చర్చ అక్కర్లేదు. పంగిడి నల్లరాయి బసాల్ట్. సిలికా ఎక్కువున్న గ్రానైట్ కన్నా దానికి తారు బాగా అంటుకుంటుంది. మన్యం కొండల ఖోండలైట్ రాయి చాలాచోట్ల పుచ్చిపోయి ఉంటుంది, రోడ్డు కంకరకు పనికిరాదు.

ఇసుకను యూనిట్ల లెక్కన, అంటే వంద ఘనపుటడుగుల చొప్పున కొంటున్నారా? చెమ్మ ఇసుక పొంగి పాతిక శాతం దాకా ఎక్కువ కనిపిస్తుంది. వేబ్రిడ్జి మీద టన్నుల్లో తూచి తీసుకుంటే తేడా ఆ చెమ్మ బరువంతే, ఐదారు శాతం.