వ్యాన్‌లో ఐదు కిలోల గ్యాస్‌తో మూడేళ్లు

మాది అనంతపురం. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాక పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, వెనక సీట్లన్నీ పీకేసి, ఒక మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించాను. ఆ మార్పులు ఆర్‌సీలో ఎక్కించుకోవడానికి తిరిగిన తిరుగుడు వేరే కథ, అది ఇంకోసారి. ఈ మూడేళ్లలో నేనూ మా ఆవిడా గండికోట, బెలుం గుహలు, యాగంటి, అహోబిలం, లేపాక్షి, హార్స్‌లీ హిల్స్ అన్నీ చుట్టాం. కొన్నిచోట్లకి రెండేసి సార్లు పోయాం. వంటంతా గ్యాస్ మీదే. బండి చూడ్డానికి వచ్చినవాళ్లు మంచం గురించి అడగరు, మైలేజీ గురించి అడగరు. "గ్యాస్ యాడ నింపిస్తావన్నా?" అనే అడుగుతారు.

నింపించను. మార్చుకుంటాను. ఈ తేడా నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది.

మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. ఒకసారి వెళ్లినప్పుడు వారం రోజులు అద్దె మోటర్‌హోమ్‌లో తిప్పాడు. ఆ బండిలో ఉన్నవి గ్యాస్‌లో సిలిండర్లు (మన 'గ్యాస్‌లో' కాదు, కంపెనీ పేరే అది). బండి పక్కగోడకి పెట్రోల్ ట్యాంకు మూతలాంటిది ఒకటి ఉంటుంది. బంకులో కార్లకి పోసే ఆటోగ్యాస్ పైపు తెచ్చి దానికి తగిలిస్తే లోపలి సిలిండర్ నిండుతుంది. 80 శాతం రాగానే లోపలి వాల్వు తనంతట తానే ఆపేస్తుంది. ఎన్ని లీటర్లు పడితే అన్నిటికే డబ్బు. ఐరోపాలో దేశం మారితే పైపు మూతి మారుతుందని అడాప్టర్లు కూడా డబ్బాలో పెట్టుకుని తిరుగుతారు. నాకు తెగ నచ్చేసింది. ఊరికి రాగానే ఇదే మన బండికీ పెట్టేద్దామనుకున్నా.

ఇక్కడ అది కుదరదు. ఆటో ఎల్‌పీజీ బంకులు మన దగ్గరా ఉన్నాయి, కానీ అక్కడ పోసేది బండి ఇంజనుకి బిగించి, కాగితాల్లో ఎక్కించిన ట్యాంకుకే. వంట సిలిండర్ పట్టుకెళ్తే పొయ్యరు, పొయ్యకూడదు కూడా. అబ్బాయికి ఫోన్ చేసి చెబితే, అక్కడ కూడా ఆటోగ్యాస్ పోసే బంకులు తగ్గిపోతున్నాయన్నాడు. ఎక్కడున్నవాళ్ల తిప్పలు అక్కడివే.

మనకున్న దారి ఐదు కిలోల చిన్న సిలిండరే. ఇండేన్ వాళ్లు 2020 డిసెంబర్‌లో దానికి ఛోటూ అని పేరు పెట్టారు. భారత్ గ్యాస్‌లో దాని పేరు 'మినీ', హెచ్‌పీలో 'అప్పు'. ఐడీ కార్డు చూపిస్తే చాలు, అడ్రస్ ప్రూఫ్ అడగరు. గ్యాస్ ఏజెన్సీలో, కొన్ని పెట్రోల్ బంకుల్లో, కొన్ని కిరాణా కొట్లలో దొరుకుతుంది. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవడమే, అయితే ఏ కంపెనీది ఆ కంపెనీ వాళ్ల దగ్గరే. కిలో లెక్కన చూస్తే ఇంటి సిలిండర్ కన్నా బాగా ఎక్కువే పడుతుంది. ఈ సంగతి ముందే తెలిసి కొనాలి, తర్వాత ఏడిస్తే లాభం లేదు.

మొదట్లో ఒక్కటే కొన్నా. అది తప్పు. గండికోటలో రాత్రి పాలు కాగుతుండగా మంట పసుపచ్చగా మారి, రెండుసార్లు ఎగిరి ఆరిపోయింది. జమ్మలమడుగు దాకా పోవాలి, పోయినా ఆ వేళకి కొట్టు తీసి ఉండదు. ఆ రాత్రి గోరువెచ్చని పాలతో, చల్లారిన చపాతీలతో సరిపెట్టుకున్నాం. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. వారంలోపే రెండోది కొన్నా. ఇప్పుడు ఒకటి అయిపోగానే రెండోది తగిలించి, దారిలో మొదట దొరికిన చోట ఖాళీది మారుస్తాం. ఆత్మకూరు దాటి నల్లమల ఎక్కేముందు రెండూ నిండుగా ఉండాలని మా ఇంటి రూలు.

ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఊపి చూడటం, వేడినీళ్లు పోసి చెయ్యి పెట్టి చూడటం లాంటివన్నీ చేశా. ఏదీ లగేజీ తూచే కొక్కెం కాటాకి సాటి రాదు. సిలిండర్ మెడ పట్టీ మీద ఖాళీ బరువు అచ్చేసి ఉంటుంది. మా దానిమీద 7.6 ఉంది. అంటే నిండుగా 12.6 తూగాలి. కొట్టులోనే, కొట్టువాడి కళ్లముందే తూచండి. ఒకసారి ఒక ఊళ్లో సీలు ఉండీ అరకిలోకి పైగా తక్కువొచ్చింది. "కాటా తప్పు సార్" అన్నాడు. అదే కాటాకి వాళ్ల కొట్టులోని కిలో చక్కెర ప్యాకెట్లు ఐదు సంచిలో వేసి తగిలించా. ఐదు చూపించింది. ఇంకేం మాట్లాడకుండా వేరేది తీసిచ్చాడు.

అదే పట్టీ మీద ఇంకో గుర్తు ఉంటుంది, చాలామంది చూడరు. ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం. ఎ అంటే మార్చి వరకు, బి జూన్, సి సెప్టెంబర్, డి డిసెంబర్. బి 27 అని ఉంటే 2027 జూన్ తర్వాత ఆ సిలిండర్‌ని మళ్లీ పరీక్ష చేయించాలి. గడువు దాటినది తీసుకోకండి.

ఖర్చు సంగతి. మేమిద్దరం రోజుకి 200 గ్రాములు, అటూఇటూ కాలుస్తాం. నాలుగు కాఫీలు, ఒక టిఫిన్, ఒకపూట అన్నం పప్పు. అంటే ఒక సిలిండర్ మూడు వారాలు దాటుతుంది. రాగి సంగటి చేసిన రోజు లెక్క తప్పుతుంది, ఉడికి గట్టిపడేదాకా మంట మీదే ఉండాలి కదా. అదే ఉగ్గాని అయితే ఖర్చే లేదు. బొరుగులు నీళ్లలో తడిపి పిండుకోవడం, ఒక తిరగమోత, అయిపోయింది. వ్యాన్ బతుకు కోసమే మన సీమ వాళ్లు ఉగ్గాని కనిపెట్టారా అనిపిస్తుంది నాకు. బజ్జీలు వెయ్యకపోతేనే సుమా. పొయ్యి బయట పెట్టి వండితే మాత్రం పొదుపంతా గాలికే. ఆషాఢంలో రామగిరి గాలిమరల వైపు ఆగినప్పుడు చెంబెడు నీళ్లు మరగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మూడువైపులా రేకు అడ్డం పెట్టాక దారికొచ్చింది.

సోలార్ పెట్టుకుని ఇండక్షన్ మీద వండుకోవచ్చు కదా అంటారు. కిలో గ్యాస్‌లో దాదాపు 12.8 యూనిట్ల వేడి ఉంటుంది, ఐదు కిలోల్లో 64. పొయ్యి దగ్గర సగం వృథా పోయినా 32 మిగులుతుంది. నా 150 ఏహెచ్ బ్యాటరీ మొత్తం పిండినా 1.8 యూనిట్లే. లైట్లకీ ఫ్యాన్‌కీ అది చాలు, సంగటికి చాలదు.

ఇక టెన్షన్ పెట్టిన సంగతి. రెండో ఏడు, దారిలో ఒక కొట్టులో మార్చుకున్న సిలిండర్ తగిలించి, అలవాటు ప్రకారం సబ్బునురుగు రాశా. రెగ్యులేటర్ కింద చుట్టూ మిరియాలంత బుడగలు, ఒకటి పగిలేలోపు ఇంకోటి. వాసన ఇంకా రాలేదు, కింద పెట్టిన గ్యాస్ అలారం కూడా కూయలేదు. వెంటనే కట్టేసి, రెగ్యులేటర్ ఊడదీసి, మూత బిగించి, సిలిండర్‌ని బండికి దూరంగా చెట్టుకింద పెట్టా. తెల్లారాక టార్చి వేసి చూస్తే వాల్వు లోపల నల్ల రబ్బరు రింగు ఒకవైపు చీలి ఉంది. కొట్టుకి తీసుకెళ్తే "మీ రెగ్యులేటరే సార్" అన్నాడు. అదే రెగ్యులేటర్ రెండో సిలిండర్‌కి పెట్టి నురుగు రాసి చూపించా. ఒక్క బుడగ రాలేదు. మార్చి ఇచ్చాడు, మొహం మాత్రం మాడ్చుకున్నాడు. అప్పటినుంచి కొట్టులోనే మూత తీయించి రింగు చూసి తెచ్చుకుంటున్నా. లీకు ఆగకపోతే 1906కి ఫోన్ చెయ్యాలి, రాత్రీ పగలూ పలుకుతారు. మాకు ఆ అవసరం రాలేదు.

దారంతో కట్టి ఉండే ఆ తెల్లమూతని తెంపి పారేసేవాళ్లే ఎక్కువ. పారేయకండి. బండి కదిలేముందు రెగ్యులేటర్ తీసి ఆ మూత పెట్టడం నాకు ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించినంత అలవాటు. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవం పైపులోకి వస్తుంది, మంట లేచి మొహం మీదికొస్తుంది.

సిలిండర్ పెట్టిన అరకి పైన కాదు, అడుగున కన్నం ఉండాలి. గ్యాస్ గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. నేను రెండంగుళాల కన్నం కొట్టి జాలీ బిగించా. బెలుం గుహల నుంచి తిరిగొచ్చాక కడుగుతుంటే ఆ జాలీ కనిపించలేదు. కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల తెల్ల దుమ్ము తడిసి గచ్చులా పట్టేసింది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయాల్సొచ్చింది. ఇప్పుడు ప్రతి ట్రిప్పు తర్వాత దాన్ని చూడటం మా ఆవిడ పని. అలారం కూడా నేలకి జానెడు ఎత్తులోనే పెట్టా. దోమల స్ప్రే కొట్టినా కూస్తుంది, అయినా తీసెయ్యలేదు.

చివరిగా బజారు సిలిండర్ల గురించి. ఐఎస్‌ఐ గుర్తు లేని, నెత్తిమీదే పొయ్యి బిగించిన చిన్న సిలిండర్లు చూసే ఉంటారు. ఇంటి సిలిండర్‌ని తలకిందులు చేసి వాటిలో గ్యాస్ పట్టిస్తారు. సగం ధరకే ఇస్తానని నాకూ ఒక కుర్రాడు చెప్పాడు. "ఎంత పట్టిస్తావు నాయనా?" అంటే "నిండేదాకా" అన్నాడు. ఇంగ్లండ్ సిలిండర్ 80 శాతం దగ్గర ఆగేది ఎందుకో అప్పుడు బాగా తలకెక్కింది. ఎండకి లోపలి ద్రవం ఉబ్బుతుంది, ఉబ్బడానికి ఖాళీ ఉండాలి. ఏప్రిల్‌లో అనంతపురంలో 42 డిగ్రీలు, తలుపులు మూసిన బండిలో ఇంకా ఎక్కువ. అంచుదాకా నింపిన డబ్బాని అందులో పెట్టుకుని పడుకోమంటే నా వల్ల కాదు. పైగా అది నేరం.

కొత్తగా కొనేవాళ్లు ఇండేన్ కాంపోజిట్ సిలిండర్ దొరుకుతుందేమో ముందు అడగండి. ఇనుప దానిలో సుమారు సగం బరువే, తుప్పు పట్టదు, వెలుతురుకి పెడితే లోపల గ్యాస్ ఎంతుందో కనిపిస్తుంది. నా దగ్గర ఉన్నవి రెండూ ఇనుపవే. మోకాళ్ల నొప్పి వచ్చాక ఆ బరువు తేడా బాగా తెలుస్తోంది.

వచ్చే సోమవారం అహోబిలం పోతున్నాం. ఇవాళ పొద్దున రెండూ తూచా. ఒకటి 12.6, ఇంకోటి 9.9. రెండోదాంట్లో ఉన్న 2.3 కిలోలు పదకొండు రోజులకి వస్తాయి. "సంగటి చేస్తే తొమ్మిది రోజులే" అంటోంది మా ఆవిడ.