సైన్స్ క్లాసులో ఆడియోనా, వీడియోనా?

అనంతపురం వైపు ఏ హైస్కూల్లో అడిగినా సైన్స్ టీచర్లు ముందు వీడియోకే ఓటేస్తారు. కొంతవరకు న్యాయమే. శనక్కాయ విత్తు మొలవడానికి రోజులు పడుతుంది, టైమ్‌లాప్స్‌లో అయితే నిమిషంలో చూపించొచ్చు. కణ విభజన సంగతి చెప్పనే అక్కర్లేదు.

ధ్వని పాఠానికి మాత్రం నేను ఆడియో వైపే. 256 హెర్ట్జ్ స్వరం (సెకనుకు 256 కంపనాలు), ఆ వెంటనే 512 హెర్ట్జ్ స్వరం వినిపిస్తే పౌనఃపున్యం, అంటే సెకనుకు కంపనాల సంఖ్య, రెట్టింపవడమంటే ఏమిటో చెవికే తెలుస్తుంది. తెర మీద బొమ్మ కదిలితే పిల్లల ధ్యాసంతా దాని మీదే (పెద్దలది మాత్రం ఉండదా!).

గుండె పాఠానికి రెండూ కావాలి. లబ్, డబ్ అనేవి గుండెలోని కవాటాలు (రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపుల్లాంటివి) మూసుకునేటప్పుడు వచ్చే చప్పుళ్లు. ముందు వినిపించి, ఏ కవాటాలో ఊహించమని, తర్వాత వీడియో చూపించాలి. అయితే ఈ చప్పుళ్ల పౌనఃపున్యం బాగా తక్కువ. ఫోన్ స్పీకర్‌లో సరిగా పలకవు, కాస్త పెద్ద స్పీకర్ పెట్టుకోవాలి.