ట్రైలర్ ముఖానికి కంకర దెబ్బ: రబ్బరు తెరా, జాలీ తడికా?

మహారాష్ట్రలోని సిరొంచ నుంచి ఆలాపల్లి వైపు జీపు వెనక క్యాంపర్ ట్రైలర్ (విడిది చేయడానికి తగిలించుకునే బండి) లాక్కెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. దాని ముఖాన్ని ఎక్కువగా చెడగొట్టేది ఎదురొచ్చే లారీ కాదు, మన జీపు వెనక చక్రాలే. అవి విసిరిన కంకర సూటిగా రేకుకు తగులుతుంది. అంతటితో ఆగదు, చదునైన రేకు మీంచి ఎగిరొచ్చి జీపు వెనక అద్దాన్ని కొడుతుంది. మా అద్దం అలాగే పోయింది. కొత్తదాని కోసం ప్రాణహిత దాటి మంచిర్యాల దాకా వెళ్లాం.

జీపు వెనక అడ్డంగా వేలాడదీసే రబ్బరు తెర రాయిని పుట్టినచోటే ఆపుతుంది. పాత కన్వేయర్ బెల్టు ముక్క దొరికితే అంతకన్నా గట్టిది లేదు. నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, సైలెన్సర్ గొట్టానికి తగలకూడదు. వెనక్కి తీసేటప్పుడు చక్రం కింద పడకుండా చూసుకోవాలి. వాగు దాటే ముందు విప్పేయడం మేలు.

జాలీని ట్రైలర్ ముందరి దూలం మీద ఏటవాలుగా బిగిస్తారు. తెర పక్కనుంచి తప్పించుకున్న రాళ్లు దాని మీద పడి వేగం చచ్చి కింద రాలిపోతాయి. గాలి దాని కన్నాల గుండా పోతుంది కాబట్టి బండికి గాలి అడ్డు పెద్దగా పెరగదు. వదులుగా కడితే మాత్రం రెపరెపలాడుతూ రంగును అదే గీకేస్తుంది. మలుపులో జీపు మూల తగలదని ముందే తిప్పి చూసుకోండి.

ఒక్కటే కొనగలిగితే రబ్బరు తెరే కొనండి. ఏది కట్టినా కంకర రోడ్డు మీద 60 నుంచి 40కి దిగండి, రాయి దెబ్బ బలం సగానికి పైగా తగ్గుతుంది.