ట్రొగార్జోతో కొన్నేళ్లు: పద్నాలుగు రోజుల గడువు

ట్రొగార్జో పేరుతో అమ్ముడయ్యే ఇబాలిజుమాబ్‌ను అమెరికాలో కొన్నేళ్లుగా నరం ద్వారా ఎక్కించుకుంటున్నాను. చాలా రకాల మాత్రలకు లొంగకుండా పోయిన నా హెచ్‌ఐవీని ఈ మందు, దీనితో పాటు తప్పక వేసుకోవలసిన ఇతర మందులు కలిసి అదుపులోకి తెచ్చాయి. మొదట్లో వచ్చిన విరేచనాలు, తల తిరగడం త్వరగానే సర్దుకున్నాయి. అయినా రెండు వారాలకొకసారి వచ్చిపడే గడువు మీద నా అసంతృప్తి మాత్రం తగ్గలేదు. చికిత్స మొదలుపెట్టే ముందే రోగికి దీని గురించి విడమరచి చెప్పాలి.

మొదటి మోతాదు 2000 మిల్లీగ్రాములు, ఆపైన 14 రోజులకొకసారి 800. ఏ మోతాదైనా మూడు రోజులు లేదా అంతకుమించి ఆలస్యమైతే మళ్లీ 2000తోనే మొదలుపెట్టాలి. ఒక జనవరిలో నా బీమా సంస్థ ఏటా ఇవ్వవలసిన ముందస్తు అనుమతిని తేల్చకుండా నాన్చింది. అనుమతి లేనిదే ఫార్మసీ మందు పంపదు, చల్లగా భద్రపరచవలసిన ఆ ఖరీదైన సీసాలను నేను వెళ్లే క్లినిక్ అదనంగా నిల్వ ఉంచదు. నర్సు, నేను రోజూ ఫోన్లు చేస్తుండగానే గడువు దాటిపోయింది. దాంతో 200 మిల్లీగ్రాముల సీసాలు నాలుగు సరిపోవలసిన చోట పది కావలసి వచ్చాయి, ఆ పదింటికీ మళ్లీ కొత్తగా అనుమతి అడగవలసి వచ్చింది. అన్నాళ్లూ మాత్రలు మానలేదు కానీ, అవి మాత్రమే నా వైరస్‌ను ఎంతకాలం ఆపగలవన్న భయంతో నిద్ర పట్టేది కాదు. తర్వాతి పరీక్షలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) కొద్దిగా కనిపించి, ఆ పై పరీక్షకు తగ్గింది. అప్పటినుంచి అనుమతి ముగిసే తేదీకి రెండు నెలల ముందే పునరుద్ధరణకు పంపమని క్లినిక్‌ను అడుగుతున్నాను.

నిర్వహణ మోతాదును, అంటే 14 రోజులకొకసారి ఇచ్చే 800 మిల్లీగ్రాములను, సెలైన్‌లో కలపకుండా 30 సెకన్లలో నేరుగా నరంలోకి ఇవ్వడానికి 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించినప్పుడు, కష్టమంతా తీరిందని తోటి రోగులకు సంబరంగా చెప్పాను. డ్రిప్ కింద కూర్చునే సమయం తగ్గిన మాట నిజమే కానీ ప్రయాణం, నరం దొరకక పడే తిప్పలు, ఎక్కించాక కాసేపు ఆగడం అలాగే ఉన్నాయి. విజయవాడలో అమ్మ దగ్గరికి వెళ్లినా పన్నెండో రోజుకల్లా తిరుగు విమానం ఎక్కవలసిందే, అక్కడ ఈ మందు ఎక్కించుకునే వీలు నాకు దొరకలేదు.

క్లినిక్ ఇంటికి దగ్గర, ఆఫీసులో సెలవు ఇబ్బంది లేదు, నా వైరస్‌పై పనిచేసే మందులు కొన్నే మిగిలాయి. అందువల్ల నేనైతే దీన్ని మానను. క్లినిక్ దూరమైనవారు, తరచూ ప్రయాణించేవారు మాత్రం ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే లెనకాపవిర్ తమకు సరిపడుతుందేమో డాక్టరును ముందుగా అడగాలి. 2022 డిసెంబరులో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది కూడా ఇలా మందులకు లొంగని హెచ్‌ఐవీ ఉన్నవారికోసమే. దానితోనూ ఇతర మందులు వేసుకోక తప్పదు. నా విషయంలో దాన్ని ఇప్పుడున్న చికిత్సకు చేర్చాలా, దీని స్థానంలో వాడాలా అన్నది నా డాక్టరు ఇంకా పరిశీలిస్తున్నారు.